అభిమానధనులు

ఈ పూట మీతో ఒక కోపం గురించి మాట్లాడాలి. సుమారు 2,700 ఏళ్ళ కిందటి కోపం. హోమర్ పేరు మీద మనకు దక్కిన ఇలియడ్ అనే గ్రీకు మహాకావ్యంలో మొట్టమొదటి మాటే కోపం. వాగ్దేవతని పిలవడం కూడా ఆ మాట తర్వాతే. ఆ కోపం అకిలీజ్ అనే యోధుడిది. గ్రీకు మూలంలో ఉన్న మాట ‘మేనిస్’. మామూలు చిరాకులకీ చికాకులకీ హోమర్ ఆ మాట వాడడు. దేవతలు ఆగ్రహిస్తే వాడతాడు, మళ్ళీ అకిలీజ్ దగ్గర వాడతాడు.

గ్రీకులు ట్రాయ్ నగరం మీద చేసిన యుద్ధం పదేళ్ళు జరిగిందని కథ. ఇలియడ్‌లో కనిపించేది ఆ పదో ఏట ఒక యాభై రోజుల చిల్లర. అందులో నిజంగా కత్తులు దూసి కొట్టుకున్నది నాలుగు రోజులే. 24 భాగాలు, 15,700 దాకా పాదాలు. ట్రాయ్ అనగానే అందరికీ గుర్తొచ్చే చెక్క గుర్రం ఇందులో లేదు. అకిలీజ్ మడమకి బాణం తగలడమూ లేదు. తల్లి అతణ్ణి పసితనంలో పాతాళ నదిలో ముంచిందనీ, పట్టుకున్న మడమ ఒక్కటే తడవలేదనీ చెప్పే కథ మనకు కనిపించేది క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో, లాటిన్ కవి స్టేషియస్ దగ్గర. హోమర్ అకిలీజ్‌ది అందరిలాంటి ఒళ్ళే. ఒకచోట ఈటె మోచేతికి రాసుకుపోతే రక్తం కారుతుంది. ఆ వీరుడికి దెబ్బ తగిలే చోటు మరొకటుంది.

దాన్ని ఏమనాలా అని చాలాకాలం ఆలోచించాను. అహంకారం అందామంటే మాట చాలదు. పౌరుషం అంటే అతని దుఃఖం బయటే మిగిలిపోతుంది. చివరికి మనం రోజూ వాడుకునే మాటే దొరికింది. అభిమానం. ఈ మాటకి తెలుగులో రెండు ముఖాలున్నాయి. ‘ఆమెకి అభిమానం ఎక్కువ, ఒకరి మాట పడదు’ అంటాం. ‘ఆమెకి మామీద చాలా అభిమానం’ అని కూడా అంటాం. ఒకటి తన మీద తనకున్న విలువ, రెండోది ఎదుటివాళ్ళ మీద పెంచుకున్న ప్రేమ. పౌరాణిక నాటకాలు విన్నవాళ్ళకి సుయోధనుడి పేరు పక్కన అభిమానధనుడు అన్న మాట చెవిలో మోగుతూనే ఉంటుంది. ఇలియడ్‌లో వీరులందరూ అభిమానధనులే. వాళ్ళని వీరుల్ని చేసింది అదే, వాళ్ళ కొంప కూల్చిందీ అదే. ఈ రెండూ ఒకే వేరునుంచి వచ్చాయని హోమర్ చూపించినంత దయగా, అంత నిర్దాక్షిణ్యంగా మరొకరు చూపించారని నేను అనుకోను.

కథలోకి వెళదాం.

అపోలో దేవుడి పూజారి ఒకాయన, ముసలాయన, గ్రీకు శిబిరానికి వస్తాడు. గ్రీకులు పట్టుకుపోయిన తన కూతుర్ని విడిచిపెట్టమని, దానికి ఎంత సొమ్మైనా ఇస్తానని అడుగుతాడు. సైన్యమంతా సరేనంటుంది. ఆ పిల్ల తన వాటాకి వచ్చింది కాబట్టి అధినేత అగమెమ్నాన్ ఒప్పుకోడు. ముసలాయన్ని కసురుకుని తరిమేస్తాడు. ఆయన సముద్రపొడ్డున ఒంటరిగా నడుస్తూ తన దేవుడికి మొరపెట్టుకుంటాడు. అపోలో బాణాలు మొదలవుతాయి. ముందు కంచరగాడిదలు, కుక్కలు, తర్వాత మనుషులు. తొమ్మిది రోజులు చితులు ఆరకుండా మండుతాయి.

పదో రోజున సభ పిలిచింది ఎవరు? అధినేత కాదు, అకిలీజ్. ఈ సంగతి మనం మరిచిపోకూడదు. చచ్చిపోతున్నది తన మనుషులు మాత్రమే కాదు, అందరూ. అందరికోసం పిలిచాడు. కారణం చెప్పడానికి జోస్యుడు కాల్కస్ భయపడితే, నేనుండగా నీ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరని అభయమిచ్చాడు. వీరత్వం అంటే అదే కదా. పూజారి కూతుర్ని వెనక్కి పంపక తప్పదని తేలాక అగమెమ్నాన్‌కి ముఖం మాడిపోయింది. నలుగురిలో తాను ఒక్కడే వాటా పోగొట్టుకోవడమా? సరే, నీ వాటా నేను తీసుకుంటానని అకిలీజ్ దగ్గరున్న బ్రిసేయిస్ అనే యువతిని లాక్కుంటాడు.

ఇక్కడ మనకి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఇద్దరు మగవాళ్ళు పరువు కోసం కొట్లాడుకుంటున్నారు, ఆ పరువు కొలిచే కొలబద్ద ఒక ఆడమనిషి. ఆమె భర్తనీ ముగ్గురు అన్నదమ్ముల్నీ ఆ దాడిలోనే చంపారు, భర్తని చంపింది అకిలీజే. హోమర్ ఆమెని చాలాసేపు మాట్లాడనివ్వడు. కానీ పందొమ్మిదో భాగంలో ఆమెకి నోరిస్తాడు. అకిలీజ్ ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ శవం మీద పడి ఏడుస్తుంది ఆమె. అతను తనతో ఎప్పుడూ దయగానే ఉండేవాడని చెప్పుకుని ఏడుస్తుంది. చుట్టూ ఉన్న తక్కిన బందీ స్త్రీలూ గొల్లుమంటారు. పైకి పాట్రోక్లస్ కోసం, లోపల ఎవరి దుఃఖం వాళ్ళది. చావింట్లో కూర్చున్న అనుభవం ఉన్న ఎవరికైనా ఆ ఒక్క ముక్క చాలు, ఈ కవి మనుషుల్ని ఎంత దగ్గరగా చూశాడో తెలియడానికి.

సరే, అవమానం జరిగింది. అకిలీజ్ చెయ్యి కత్తి మీదకి పోయింది. సగం దూశాడు. అథీనా దేవి వెనకనుంచి వచ్చి జుట్టు పట్టుకుని ఆపింది. అతను కత్తిని ఒరలో తోసేశాడు. బంగారు మేకులు దిగిన సభాదండాన్ని నేలకేసి కొట్టి, ఇక నేను యుద్ధానికి రానని ప్రమాణం చేశాడు. ఇంతవరకూ నేను అతని పక్షమే. అన్యాయం జరిగింది, మాట పడలేదు, రక్తం చిందించకుండా పక్కకి తప్పుకున్నాడు.

అతని తప్పు ఆ తర్వాత జరిగింది. చిన్నపిల్లాడిలా సముద్రపొడ్డున కూర్చుని ఏడ్చి, తల్లిని పిలిచాడు. తల్లి థెటిస్ సముద్రదేవత. ఆమెని ఒక వరం అడిగాడు. జ్యూస్ దేవుడి కాళ్ళు పట్టుకుని ట్రాయ్‌వాళ్ళని గెలిపించమను, గ్రీకుల్ని ఓడల దాకా తరిమి చంపించమను, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి నా విలువ అన్నాడు. నిన్న ఎవరికోసం సభ పిలిచాడో ఆ మనుషులే చావాలని ఇవాళ కోరుకున్నాడు. కోపం రావడం వేరు, నా కోపానికి నావాళ్ళ చావులు సాక్ష్యం కావాలనుకోవడం వేరు. ఇలియడ్‌లో అకిలీజ్ చేసిన ఘోరాలు ముందుముందు చాలా ఉన్నాయి, శవాన్ని ఈడ్వడంతో సహా. నా మటుకు నాకు అన్నిటికన్నా పెద్దది ఆ తడి ఇసకలో కూర్చుని తల్లిని అడిగిన ఆ వరమే.

అగమెమ్నాన్ సంగతి ఎక్కువ చెప్పను. అతని లోపంలో లోతు లేదు. పదవి పెద్దది, మనిషి చిన్నవాడు. అలాంటివాళ్ళని మనం చూస్తూనే ఉంటాం. అయితే రెండో భాగంలో ఒక చిన్న ఘట్టం ఉంది, అది మాత్రం నాకు గుచ్చుకుంటుంది. థెర్సైటీస్ అనే మామూలు సైనికుడు, అందంలేనివాడు, వంకర కాళ్ళవాడు, సభలో లేచి అగమెమ్నాన్‌ని నిలదీస్తాడు. నీ పాకలు నిండిపోయాయి కదా, ఇంకా ఎంత కావాలి అంటాడు. ఇంచుమించు అకిలీజ్ అన్న మాటలే. అతనికి దక్కింది ఏమిటి? ఒడీసియస్ అనే గ్రీకు నాయకుడు రాజదండంతో వీపు మీద కొట్టాడు. వాత తేలింది. సైన్యమంతా నవ్వింది. అదే కోపం వీరుడి నోట్లోంచి వస్తే మహాకావ్యం అయింది. హోమర్ అతన్ని కురూపిగానే చూపించాడు, కానీ అతని కంటి వెంట జారిన ఒక్క కన్నీటి బొట్టుని కూడా వదిలిపెట్టకుండా చూపించాడు.

తొమ్మిదో భాగానికి వస్తే, గ్రీకులు ఓడిపోతున్నారు. అకిలీజ్‌ని బతిమాలడానికి ముగ్గురు వెళతారు. మాటకారి ఒడీసియస్, అతన్ని ఒళ్ళో పెట్టుకు పెంచిన ముసలి ఫీనిక్స్, కొండలాంటి ఏజాక్స్. వాళ్ళు వెళ్ళేసరికి అకిలీజ్ ఏం చేస్తున్నాడో తెలుసా? తంత్రీవాద్యం మీటుకుంటూ వీరగాథలు పాడుకుంటున్నాడు. ఎదురుగా పాట్రోక్లస్ మౌనంగా కూర్చున్నాడు, పాట ఎప్పుడు ఆగుతుందా అని. ఆ వాద్యం కూడా దోచుకొచ్చిందే. ఏ ఊళ్ళో దోచాడో ఆ ఊరి రాజు, ట్రాయ్ వీరుడు హెక్టర్ భార్యకి తండ్రి. ఆమె తండ్రినీ, ఏడుగురు అన్నదమ్ముల్నీ చంపి తెచ్చుకున్న వాద్యం మీద పాట. హోమర్ ఇలాంటివి వేలెత్తి చూపించడు, అక్కడ పెట్టి పోతాడంతే.

అగమెమ్నాన్ పంపిన కానుకల పట్టిక చాలా పెద్దది. పది టాలెంట్ల బంగారం, పన్నెండు పందెం గుర్రాలు, ఏడు ఊళ్ళు, కూతుర్ని ఇచ్చి పెళ్ళి, బ్రిసేయిస్ తిరిగి రావడం. అన్నీ ఉన్నాయి, ఒక్క మాట తప్ప. తప్పయింది అన్న మాట అందులో లేదు. పైగా నాకు లొంగి ఉండాలన్న తోక ఒకటుంది. ఒడీసియస్ తెలివిగా ఆ తోక కత్తిరించి చెప్పాడు. అకిలీజ్ వాసన పట్టినట్టే మాట్లాడతాడు, మనసులో ఒకటి పైకి ఒకటి చెప్పేవాడంటే తనకి నరకద్వారం మీదున్నంత అసహ్యమంటాడు. ఆ తర్వాత, ఆ కాలపు వీరుడెవడూ అననిది ఒకటి అంటాడు. పశువులూ బంగారమూ దోచుకుంటే వస్తాయి, పోయిన ప్రాణం దేనితోనూ రాదని. తల్లి తనకి రెండు దారులు చెప్పిందట. ఇక్కడే ఉండి పోరాడితే తొందరగా చావు, చిరకాలం నిలిచే కీర్తి. ఇంటికి పోతే కీర్తి లేదు, నిండు నూరేళ్ళు. పొద్దున్నే ఓడలు ఎక్కిస్తానంటాడు.

వాదనకి వాదనగా అతను అన్నదంతా నిజం. అయినా వింటుంటే మనసు చివుక్కుమంటుంది. తన ఒక్కడి విలువ గురించి అంత స్పష్టంగా చూడగలిగినవాడు, పొద్దున్నుంచీ అవతల చస్తున్నవాళ్ళని చూడలేకపోతున్నాడు. ఏజాక్స్‌కి మాటలు రావు, అందుకే అతని మాటే సూటిగా తగిలింది. మేమంతా నీ స్నేహితులం కదా, మా మొహం చూసైనా కరగవా అని అడిగాడు. అకిలీజ్ ఏమన్నాడంటే, నువ్వు చెప్పింది నా మనసుకి సరిగ్గా తోస్తోంది, కానీ ఆ అవమానం గుర్తొస్తే గుండె ఉబికివస్తుందన్నాడు. తన తప్పు తనకి తెలుస్తోంది, చెయ్యి మాత్రం కదలడం లేదు. అరిస్టాటిల్ నాటకాల గురించి రాస్తూ వీరుడి పతనానికి కారణంగా ‘హమార్షియా’ అన్న మాట వాడాడు. చాలామంది దాన్ని స్వభావంలోని దోషం అని అనువదిస్తారు. ఆ మాటకి మొదటి అర్థం గురి తప్పడం. బాణం పదునైనదే, చెయ్యి బలమైనదే, తగలాల్సిన చోట తగల్లేదు. అకిలీజ్‌కి ఈ మాట అతికినట్టు సరిపోతుంది.

తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఓడలకి నిప్పంటుకునే వేళ పాట్రోక్లస్ వచ్చి ఏడుస్తాడు. అకిలీజ్ తను రాడు, తన కవచం తొడిగి స్నేహితుణ్ణి పంపుతాడు. ఓడల దగ్గరనుంచి తరిమి వెనక్కి వచ్చెయ్, ట్రాయ్ గోడల దాకా పోకు అని జాగ్రత్త చెప్పి మరీ పంపుతాడు. పాట్రోక్లస్ గోడల దాకా పోయాడు. హెక్టర్ చేతిలో చచ్చాడు. కోపాన్ని దించుకోలేక, ప్రేమని చంపుకోలేక, రెండిటికీ మధ్యన సగం దారి వెతికాడు అకిలీజ్. ఆ సగం దారిలోనే స్నేహితుడు పోయాడు.

ఇప్పుడు హెక్టర్ దగ్గరకి వెళతాను. మనందరికీ ఇష్టమైనవాడు. ఇష్టం కాబట్టే అతని తప్పు మన కంటికి ఆనదు.

ఆరో భాగంలో హెక్టర్ యుద్ధం మధ్యలో ఊళ్ళోకి వస్తాడు. కోట గుమ్మం దగ్గర భార్య ఆండ్రొమకి ఎదురవుతుంది. వెనక దాది చంకలో పిల్లాడు. తండ్రి చెయ్యి చాస్తే వాడు కేకపెట్టి దాది గుండెల్లోకి ముడుచుకుంటాడు. కంచు శిరస్త్రాణం, దాని మీద ఊగుతున్న గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి జడుసుకున్నాడు వాడు. తల్లీ తండ్రీ నవ్వేశారు. హెక్టర్ ఆ శిరస్త్రాణం తీసి నేలమీద పెట్టాడు. అది అక్కడ మెరుస్తూ ఉంది. పిల్లాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకుని ఎగరేశాడు. వీడు తండ్రిని మించినవాడయ్యాడని నలుగురూ అనాలని దేవుళ్ళని కోరుకున్నాడు. కోరుకున్నది ఏమిటో గమనించండి. వాడు శత్రువుని చంపి రక్తం అంటిన ఆయుధాలు మోసుకురావాలి, వాళ్ళమ్మ సంతోషించాలి అని. ఒక్క క్షణం కిందట పిల్లాణ్ణి జడిపించిన వస్తువే వాడి భవిష్యత్తుగా కోరుకుంటున్నాడు ఆ తండ్రి, అంత ప్రేమతోనూ. ఆండ్రొమకి పిల్లాణ్ణి అందుకుని కన్నీళ్ళతోనే నవ్వింది. హెక్టర్ మళ్ళీ శిరస్త్రాణం తలకి పెట్టుకున్నాడు.

దానికి ముందు ఆమె ఒక మాట చెప్పింది. ఏడ్చి ఊరుకోలేదు, యుద్ధవ్యూహం చెప్పింది. అత్తిచెట్టు దగ్గర గోడ బలహీనంగా ఉంది, మూడుసార్లు అటునుంచే ఎక్కబోయారు, సైన్యాన్ని అక్కడ నిలబెట్టి నువ్వు లోపలే ఉండు అంది. మంచి సలహా. హెక్టర్ జవాబు ఏమిటంటే, ట్రాయ్ మగవాళ్ళూ, కొంగులు నేల జీరాడే ఆడవాళ్ళూ ఏమనుకుంటారు, నాకు సిగ్గుగా ఉంటుందని. గ్రీకులో ఆ సిగ్గుని ‘ఐదోస్’ అంటారు. మనకి ఆ మాట నేర్పక్కర్లేదు. నలుగురూ ఏమనుకుంటారో అన్నదాన్ని ఉగ్గుపాలతో తాగినవాళ్ళం. ఆ సిగ్గు లేకపోతే హెక్టర్ తన తమ్ముడు పారిస్‌లాగా యుద్ధం మధ్యలో పడకగదిలో కూర్చుని ఆయుధాలు తుడుచుకునేవాడు. ఆ సిగ్గు ఉండబట్టే ఊరు పదేళ్ళు నిలబడింది. తండ్రి ప్రయామ్, తల్లి హెకూబా, సాయంగా వచ్చిన చుట్టుపక్కల సైన్యాలు, అందరి బరువూ అతని భుజం మీదే.

పద్దెనిమిదో భాగంలో ఆ సిగ్గే తిరగబడుతుంది. పాట్రోక్లస్ చచ్చాక అకిలీజ్ కందకం దగ్గర నిలబడి అరిచిన అరుపుకే ట్రాయ్ సైన్యం చెల్లాచెదురైంది. ఆ రాత్రి మైదానంలో సభ. పోలిడమస్ అనేవాడు లేచి, రేపు అకిలీజ్ వస్తాడు, రాత్రికి రాత్రే కోటలోకి పోదాం, గోడల మీదనుంచి కాచుకుందాం అన్నాడు. హెక్టరూ అతనూ ఒకే రాత్రి పుట్టారు. ఒకడికి మాట, ఒకడికి ఈటె. హెక్టర్ అతన్ని కసిరాడు. గోడల మధ్య మగ్గింది చాలదా, ఇక్కడే ఉంటాం అన్నాడు. సైన్యం ఔనని కేకలు పెట్టింది. అంతకుముందు నాలుగు విజయాలు చూశాడు, అకిలీజ్ కవచం తన ఒంటి మీద ఉంది. ఇన్నాళ్ళూ ఊరికోసం మోసిన అభిమానం ఆ రాత్రి తనకోసమే అయిపోయింది. ఆ కొద్ది తేడాకి మర్నాడు ఎంతమంది పోయారో లెక్కలేదు.

మర్నాడు సాయంత్రానికి తక్కినవాళ్ళంతా గుమ్మంలోంచి లోపలికి పారిపోయారు. హెక్టర్ ఒక్కడే బయట. గోడ మీదనుంచి తండ్రి తల బాదుకుంటూ పిలిచాడు. తల్లి తను పాలిచ్చిన రొమ్ము చూపించి పిలిచింది. గుమ్మం వెనకే ఉంది. నాలుగడుగులు వేస్తే ప్రాణం దక్కుతుంది. హెక్టర్ వెళ్ళలేకపోయాడు. ఎందుకు వెళ్ళలేదో తనకి తనే చెప్పుకున్నాడు. లోపలికి పోతే ముందు పోలిడమసే అంటాడు, నా మాట విన్నావా అని. నాకన్నా తక్కువవాడు ఎవడో, తన బలం నమ్ముకుని జనాన్ని చంపించాడు అంటాడు. ఆ మాట పడేకంటే ఇక్కడ చావడం మేలు. చూశారా, అతన్ని గుమ్మం బయట నిలబెట్టింది శత్రువు భయం కాదు, సొంతవాళ్ళ ఎదుట తప్పు ఒప్పుకోలేకపోవడం. తప్పైపోయింది అని ఆ గుమ్మంలోంచి తలవంచుకుని వెళ్ళి ఉంటే, నా దృష్టిలో ఇలియడ్ మొత్తంలో అంతకన్నా పెద్ద సాహసం ఉండేది కాదు.

అకిలీజ్ దగ్గరకొచ్చేసరికి ఆ ధైర్యమూ జారిపోయింది. పరుగు తీశాడు. ఊరు చుట్టూ మూడుసార్లు. వీరుడు పరుగెత్తాడని హోమర్ సిగ్గుపడడు, దాచడు. ఆ పరుగు మధ్యలో ఒకచోట ఆగి మనకి రాతి తొట్లు చూపిస్తాడు. రెండు ఊటలు, ఒకటి వేడిది, ఒకటి చల్లనిది. వాటి పక్కన, యుద్ధానికి ముందు రోజుల్లో, ట్రాయ్ ఆడవాళ్ళూ ఆడపిల్లలూ బట్టలు ఉతుక్కునే తొట్లు. చావు వెంటబడి తరుముతున్న వేళ ఆ ఉతుకుళ్ళు గుర్తుచేసిన కవికి నేను చేతులెత్తి మొక్కుతాను.

హెక్టర్ చచ్చాడు. ఆ సమయానికి ఆండ్రొమకి ఇంట్లో మగ్గం ముందు కూర్చుని ఎర్రని బట్టలో పువ్వులు నేస్తోంది. ఆమెకి కబురు అందలేదు. యుద్ధం నుంచి వస్తాడు కదా అని పొయ్యి మీద పెద్ద కాగు పెట్టి స్నానానికి నీళ్ళు కాచమని పనివాళ్ళకి చెప్పింది. అంతలో గోడ వైపునుంచి ఏడుపులు. చేతిలో నాడె కింద పడిపోయింది.

ఈ కథ మా అమ్మమ్మకి ఒకసారి చెప్పాను. గ్రీకు పేర్లు ఆవిడకి నోరు తిరగలేదు. అకిలీజ్ గొప్పతనం చెబుతుంటే ఊఁ కొడుతూ వింది. ఈ నీళ్ళ దగ్గరకి వచ్చేసరికి ఊఁ కొట్టడం ఆపేసింది. కాసేపుండి, ఆ నీళ్ళు ఏం చేసుంటారు పాపం అంది. పొలం నుంచి తిరిగి రాని మనిషి కోసం నీళ్ళు కాచి కూర్చున్న సాయంత్రం ఆవిడ జీవితంలో ఒకటుంది. నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పటినుంచీ ఇలియడ్ తెరిస్తే నాకు ముందు ఆ కాగే కనిపిస్తుంది.

అకిలీజ్ దుఃఖం అతన్ని మనిషిగా ఉండనివ్వలేదు. లైకావోన్ అనే కుర్రవాడు, ప్రయామ్ కొడుకే, ఆయుధం లేకుండా కాళ్ళు పట్టుకుని బతిమాలితే, పాట్రోక్లసే పోయాడు, నేనూ పోతాను, నువ్వెందుకు ఏడుస్తావు అని నెమ్మదిగా చెప్పి చంపాడు. ఆ నెమ్మది భయంకరంగా ఉంటుంది. శవాలతో నది పూడిపోయింది. హెక్టర్ మడమలకి తూట్లు పొడిచి, తోలుతాళ్ళు కట్టి, రథానికి తగిలించి ఈడ్చాడు. రోజూ తెల్లారగానే పాట్రోక్లస్ సమాధి చుట్టూ ఈడ్చాడు. స్నేహితుడి మీది అభిమానమే, చూడండి, ఏ రూపం ఎత్తిందో. తిండి లేదు, నిద్ర లేదు. ఎంత ఈడ్చినా చచ్చినవాడు తిరిగి రాడు. చివరికి అది చూడలేక దేవుళ్ళే కలగజేసుకున్నారు.

ఇరవై నాలుగో భాగం. ముసలి ప్రయామ్ రాత్రివేళ శత్రువు శిబిరానికి బయల్దేరాడు. బండిలో బంగారం, బట్టలు. తోడు ఇంకొక ముసలాయన. దారిలో హెర్మీస్ దేవుడు కలిసి కాపలావాళ్ళ కళ్ళు మూయించాడు. ప్రయామ్ ఎవరికీ కనపడకుండా లోపలికి వచ్చి, అకిలీజ్ మోకాళ్ళు పట్టుకుని, తన కొడుకుల్ని చంపిన చేతుల్ని ముద్దుపెట్టుకున్నాడు. యాభై మంది కొడుకులు ఆయనకి. నీకూ నాలాంటి తండ్రి ఉన్నాడు, ఆయన్ని తలుచుకో అన్నాడు. అకిలీజ్ ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి జరిపాడు. ఇద్దరూ ఏడ్చారు. ఒకరు హెక్టర్ కోసం, ఒకరు ఇంటి దగ్గర ఒంటరిగా ముసలివాడైపోతున్న తండ్రి కోసం, మధ్యమధ్య పాట్రోక్లస్ కోసం.

ఇక్కడ ఆగిపోతే ఇది పశ్చాత్తాపం కథ అయ్యేది. హోమర్ ఆగడు. శవాన్ని తొందరగా ఇప్పించు, నేను కూర్చోను అని ప్రయామ్ అనేసరికి అకిలీజ్ కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను రెచ్చగొట్టకు, నా పాకలో ఉన్నావని కూడా చూడనేమో అని ముసలాయన్ని హెచ్చరించాడు. ముసలాయన హడలి కూర్చుండిపోయాడు. అంటే కోపం పోలేదు. ఉన్నచోటే ఉంది. తర్వాత అకిలీజ్ సింహంలా బయటికి దూకి ఒక పని చేశాడు. పనివాళ్ళని పిలిచి, హెక్టర్ శవాన్ని ప్రయామ్‌కి కనపడకుండా దూరంగా తీసుకెళ్ళి కడగమన్నాడు. ఎందుకంటే, కొడుకుని ఆ స్థితిలో చూస్తే తండ్రి తట్టుకోలేక ఏదైనా అంటాడు. అంటే తనకి కోపం వస్తుంది. వస్తే తను ఆ ముసలాయన్ని చంపేస్తాడు. అది జరగకూడదు.

నాకు ఇలియడ్ అంతటిలో అన్నిటికన్నా పెద్ద వీరకృత్యం ఇదే. మొదటి భాగంలో కత్తి దూసినప్పుడు జుట్టు పట్టుకుని ఆపడానికి అథీనా రావలసి వచ్చింది. ఇప్పుడు ఏ దేవతా రాలేదు. తన కోపం ఎక్కడ పుడుతుందో, ఏం చూస్తే రగులుతుందో, రగిలితే ఏం చేస్తుందో తనే కూర్చుని లెక్క వేసుకున్నాడు. మంటకి గడ్డివామిని దూరంగా జరిపినట్టు, ముసలాయన కంటికి ఆ శవాన్ని దూరం చేశాడు. తెచ్చిన బట్టల్లోంచే రెండు దుప్పట్లూ ఒక అంగీ పక్కన పెట్టించాడు, శవానికి చుట్టడానికి. కడిగి, నూనె రాసి, బట్ట చుట్టాక పాడె మీదకి తన చేతులతో తనే ఎత్తాడు. ఇన్ని రోజులు ఈడ్చిన చేతులతో.

తర్వాత తెల్లని గొర్రెని కోసి వండించాడు. హెక్టర్ పోయినప్పటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని ప్రయామ్ ఆ రాత్రి శత్రువు ఇంట్లో అన్నం తిన్నాడు. తిన్నాక ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఎంత అందగాడు అని ఆయన ఇతన్ని, ఎంత పెద్దమనిషి అని ఇతను ఆయన్ని. యుద్ధం ఆగలేదు. అకిలీజ్ చావు దగ్గర పడింది, అది అతనికి తెలుసు. కొడుకు అంత్యక్రియలకి ఎన్ని రోజులు కావాలని అకిలీజే అడిగాడు. తొమ్మిది రోజులు ఇంట్లో ఏడుస్తాం, పదో రోజు దహనం, పదకొండో రోజు సమాధి, పన్నెండో రోజు తప్పదనుకుంటే యుద్ధం అన్నాడు ప్రయామ్. సరే, అన్నాళ్ళూ సైన్యాన్ని నేను ఆపుతాను అన్నాడు అకిలీజ్.

అని, ముసలాయన భయపడతాడేమోనని, ఆయన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.